ఉప్పు గాలి, పెచ్చులూడే వాకిలి

భీమిలిలో మా పెద్దమ్మ వాళ్లింటి ముందు, గేటు నుంచి కారు షెడ్డు దాకా 30 అడుగుల కాంక్రీటు వాకిలి ఉండేది. ఏడేళ్లు తిరిగేసరికి అది బీటలు పడి, బీటల వెంట ఇటుక రంగు చారలు దిగి, అక్కడక్కడ పెచ్చులు లేచింది. సముద్రానికి దూరంగా, చోడవరంలో ఉన్న మా బాబాయి ఇంటి వాకిలి కూడా ఆ మేస్త్రీయే వేశాడు. అదే ఏడాది, అదే సిమెంటు. దాని మీద పిన్ని ఇప్పటికీ వడియాలు ఎండబెడుతుంది.

"సముద్రం పక్కన ఏది నిలుస్తుందిరా" అని పెద్దమ్మ సరిపెట్టుకుంది. గేటు, గ్యాసు పొయ్యి, ఏసీ డబ్బా, స్కూటరు సైలెన్సరు అన్నీ తుప్పు పట్టిన ఇంట్లో ఆ మాట రావడం సహజమే. కానీ కాంక్రీటంటే రాయి, ఇసుక, సిమెంటు. దానికి తుప్పేమిటి?

ఊడిన పెచ్చు ఒకటి తీసి చూశాను. అరచేయంత ఉంది, అంగుళం మందం. పైన చీపురుతో గీసిన గరుకు గీతలు చెక్కుచెదరలేదు. గోటితో గీకితే పొడి రాలలేదు. తిరగేస్తే మాత్రం మధ్యలో ఓ గాడి, ఆ గాడి నిండా ఎర్రగా, మడత కాజాలా పొరలు పొరలుగా తుప్పు. వేలితో నొక్కితే విడివిడిగా రాలింది. కింద వాకిట్లో ఆ గాడికి జోడీగా ఒక రాడ్డు. వేసినప్పుడు 8 మిల్లీమీటర్లది, ఇప్పుడు పెన్సిల్ ములుకంత సన్నబడింది.

అంటే సముద్రం కాంక్రీటును తినలేదు. కాంక్రీటు లోపలున్న ఇనుమును తిన్నది. కాంక్రీటు మధ్యలో నలిగిపోయింది.

ఉప్పు ఎలా చేరింది?

అల విరిగినప్పుడు నురుగు లేస్తుంది. ఆ నురుగులో ప్రతి బుడగా పగిలి కంటికి కనబడనంత సన్నటి ఉప్పునీటి తుంపరను గాల్లోకి చిమ్ముతుంది. బీచ్ రోడ్డు మీద కాసేపు కారు ఆపి వచ్చి అద్దం మీద చెయ్యి వేస్తే జిగటగా తగిలేది అదే. తీరానికి దగ్గర్లోనే దీని ధాటి ఎక్కువ. మొదటి కొన్ని వందల మీటర్లలోనే చాలామటుకు రాలిపోతుంది, మిగిలింది గాలివాటాన్ని బట్టి ఇంకా లోపలికి పోతుంది. చోడవరం దాకా వచ్చేసరికి లెక్కలోకి రానంత మిగులుతుంది.

రాలిన ఉప్పు కాంక్రీటు పైనే ఉండిపోతే బాధ లేదు, వాన కడిగేస్తుంది. కానీ కాంక్రీటు ఒంటినిండా రంధ్రాలు. రాత్రి మంచుకు, వానకు అవి ఉప్పునీటిని పీల్చుకుంటాయి. పగలు ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు లోపలే మిగులుతుంది. మర్నాడు మళ్లీ అంతే. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మడిలోకి నీళ్లు వదలడం, ఎండనివ్వడం, మళ్లీ వదలడం. మన వాకిలి లోపల కూడా లక్షల బుల్లి ఉప్పు మడులు పగలూ రాత్రీ పనిచేస్తుంటాయి.

జెట్టీ స్తంభాల్లో నిత్యం నీళ్లలో మునిగి ఉండే భాగం కంటే అలలు తగిలి ఆరే భాగమే ముందు పాడవడానికి కారణం ఇదే. పైగా తుప్పుకు గాలి కూడా కావాలి. అది నీటి అడుగున అందదు, మన వాకిట్లో పుష్కలం.

కాపలా పొర, పేరయ్య

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు లోపల సున్నం పుడుతుంది. పచ్చి సిమెంటులో చేతులు పెట్టిన కూలీల వేళ్లు పుండ్లు పడేది ఆ క్షారం ఘాటుకే. మన చర్మానికి శత్రువైన ఆ ఘాటు ఇనుముకు మాత్రం ప్రాణమిత్రం. అందులో ఉన్నంతసేపూ ఇనుము తన ఒంటి మీద పాల మీద మీగడలాంటి పొర కట్టుకుని ఉంటుంది. ఆ పొర వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా గాలినీ నీటినీ ఇనుము దాకా రానివ్వదు. చిరిగితే తనే మళ్లీ కట్టుకుంటుంది. చోడవరం వాకిట్లో రాడ్లు ఈ మీగడ కిందే నిద్రపోతున్నాయి.

ఉప్పులోని క్లోరైడు ఈ పొరను చిన్న చుక్కంత చోట చిల్లు పొడుస్తుంది. అక్కణ్ణుంచి దాని పని అచ్చం పెళ్లిళ్ల పేరయ్య పని. ఇనుము చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆక్సిజన్ చేతిలో పెడుతుంది. పెళ్లయ్యాక తను పక్కకు తప్పుకుని ఇంకో సంబంధం చూడ్డానికి వెళ్తుంది. అంటే క్లోరైడు ఖర్చు కాదు. లోపలికి చేరిన గుప్పెడు ఉప్పే ఏళ్ల తరబడి తిరిగి తిరిగి పని చేస్తుంది.

ఇక పెచ్చు లేవడం సంగతి. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. డబ్బా నిండా శనగలు పోసి, నీళ్లు నింపి, మూత బిగిస్తే ఏమవుతుంది? నానిన శనగలు మూతను తన్నేస్తాయి. కాంక్రీటు మీద ఏనుగెక్కినా ఓర్చుకుంటుంది కానీ లోపలినుంచి లాగితే ఓర్చుకోదు. దాని లాగుడు బలం, నొక్కుడు బలంలో పదో వంతే. రాడ్డు వెంట బీట పడుతుంది, ఆ బీటలోంచి మరింత ఉప్పు, మరింత గాలి దిగుతాయి. మొదటి చార కనబడడానికి ఐదారేళ్లు పట్టిన వాకిలి ఆ తర్వాత రెండేళ్లలో గుల్లవుతుంది.

దారులు వేసింది మనమే

లోపలికి ఇన్ని రంధ్రాలెందుకున్నాయి? సిమెంటు గట్టిపడడానికి కావలసిన దానికంటే ఎక్కువ నీళ్లు మనం పోస్తాం కాబట్టి. పెనం మీద అట్టు వేసినప్పుడు పిండిలోని నీరు ఆవిరై పైకి లేచిన చోటల్లా ఒక చిల్లు మిగులుతుంది. పిండి పల్చనైతే చిల్లులు ఎక్కువ. కాంక్రీటులో జరిగేదీ ఇదే, కాకపోతే నిదానంగా, కంటికి ఆననంత సన్నగా. అదనంగా పోసిన నీరు వెళ్లిపోతూ వెళ్లిపోతూ తను నడిచిన దారులను వదిలి వెళ్తుంది. తర్వాత ఉప్పు ఆ దారుల్లోనే నడిచొస్తుంది.

పల్చటి మాలు గమేళాలోంచి జారుతుంది, పారతో లాగితే పరుగెత్తుతుంది, పని గంట ముందే అయిపోతుంది. ఎండలో నిలబడి మోసేవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. నీళ్లు పెంచకుండా మాలును జారేలా చేసే ప్లాస్టిసైజర్ ద్రవం మార్కెట్లో దొరుకుతుంది. దానికయ్యే ఖర్చు పెట్టవలసింది ఇంటివాళ్లు.

■ బాక్సు: బస్తాకి ఎన్ని నీళ్లు?

మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 వాతావరణాన్ని 5 తరగతులు చేసింది. తీరప్రాంతపు గాలి నేరుగా తగిలే కాంక్రీటు వాటిలో మూడోదైన 'తీవ్ర' తరగతిలోకి వస్తుంది. ఇనుమున్న కాంక్రీటైతే అక్కడ నీరు, సిమెంటు బరువులో 0.45 వంతు దాటకూడదు. 50 కిలోల బస్తాకి 22.5 లీటర్లు. బకెట్టు మీద కాస్త. తడి ఇసుకలో ఉన్న నీరు కూడా ఈ లెక్కలోదే. సిమెంటు రసాయనికంగా పట్టుకునేది ఇందులో దాదాపు సగమే, 12 లీటర్ల లోపు. మిగతాది మాలు కలవడానికి, కదలడానికి. చూపు లెక్కన గొట్టం పెట్టి పోస్తే 30 లీటర్లు దాటడం చిటికెలో పని. ■

ఉప్పు బయటినుంచే రానక్కర్లేదు. తీరం దగ్గర బోర్లలో చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. ఆ నీళ్లతోనే మాలు కలిపితే దొంగను ఇంట్లో పెట్టి తలుపేసినట్టు. గవ్వ ముక్కలు మెరిసే బీచ్ ఇసుక సంగతీ అంతే. ఒకసారి బోరు నీటిని పరీక్షకు పంపితే తేలిపోతుంది. లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటితే ఇనుమున్న కాంక్రీటుకు పనికిరాదని ఐఎస్ 456 చెబుతుంది. అదే ఇనుము లేని కాంక్రీటుకైతే 2000 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. నాలుగు రెట్లు. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాతి ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

వాకిలికి ఇనుమెందుకు?

శ్లాబుకు ఇనుము కావాలి, ఎందుకంటే దాని కింద గాలి తప్ప ఏమీ లేదు. బరువు పడితే వంగుతుంది, అడుగున సాగుతుంది, ఆ సాగుడును ఇనుము పట్టుకుంటుంది. నేల మీద పరిచిన వాకిలికి కింద భూమాత ఉంది. కారు బరువును కాంక్రీటు విస్తరిలా పరిచి నేలకు అందిస్తుంది, అంతే. అడుగు నేల గట్టిగా ఉంటే ఇంటి కారుకు 4 అంగుళాల ఉత్త కాంక్రీటు చాలు. నీళ్ల ట్యాంకరు లోపలికొచ్చే ఇల్లయితే 6 అంగుళాలు.

అయినా మనవాళ్లకు రాడ్డు వేయకపోతే నిద్రపట్టదు. అయితే ఒక చిన్న లెక్క. 'తీవ్ర' తరగతిలో ఇనుము మీద కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలి. పైన 45, కింద 45, మొత్తం 90. నాలుగంగుళాలంటే 100. మిగిలింది 10 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల రాడ్డు మీద ఇంకో 8 మిల్లీమీటర్ల రాడ్డు అడ్డంగా పెట్టి జాలీ కడితే ఆ ముడి మందమే 16. పద్ధతి ప్రకారం వేద్దామన్నా నాలుగంగుళాల్లో జాలీకి చోటే లేదు! ఎలాగో ఇరికించినా అది నట్టనడుమ ఉంటుంది. వంగేటప్పుడు పైభాగం నలుగుతుంది, అడుగుభాగం సాగుతుంది, నడుమ ఇనుముకు చేయడానికి పనేమీ ఉండదు.

పెద్దమ్మ వాకిట్లో జాలీని నేల మీద పరిచి పైన మాలు పోశారు. "పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగేస్తాం బాబూ" అన్నాడు మేస్త్రీ. లాగిన చోట అంగుళం లోతుకొచ్చింది, లాగని చోట మట్టిలోనే పడుకుంది. తవ్వి తీసినప్పుడు రెండు రకాలూ కనబడ్డాయి. పైకి వచ్చినవి పెచ్చులు లేపాయి. కింద పడుకున్నవి ఎవరికీ ఉపకారం చేయకుండా పోయాయి. జాలీయే లేకపోతే ఆ వాకిలికి ఈ జబ్బే వచ్చేది కాదు.

ఒక్క మినహాయింపు ఉంది, అది ప్రమాదకరమైనది కూడా. గేటు ముందు మురిక్కాలువ మీదుగా వేసే ర్యాంపు. దాని కింద నేల లేదు. అక్కడ ఇనుము వేసి తీరాలి, అదీ అడుగున, కవర్ బ్లాకులు పెట్టి, కచ్చితంగా 45 మిల్లీమీటర్లు పైకెత్తి. 6 అంగుళాల మందం, ఎం30 మిశ్రమం. వాకిలినీ ర్యాంపునూ ఒకే పోతగా పోయకూడదు, రెంటి మధ్య ఖాళీ వదలాలి. రంగు పూత వేసిన రాడ్లు వాడితే సరిపోదా అని అడుగుతారు. అమెరికాలో ఫ్లోరిడా కీస్ దీవుల మధ్య కట్టిన వంతెనల స్తంభాల్లో ఎపాక్సీ పూత రాడ్లు వాడారు. కొద్ది ఏళ్లకే, 1980ల్లోనే, తుప్పు బయటపడింది. మోసేటప్పుడు, వంచేటప్పుడు పూత గీసుకుపోయిన ప్రతిచోటా ఉప్పు చొరబడింది. మన దగ్గర రాడ్లను లారీలోంచి కిందికి ఎలా విసురుతారో తెలుసు కదా.

ఏ సిమెంటు?

సముద్రం అనగానే దుకాణంలో "సల్ఫేటును తట్టుకునేది తీసుకెళ్లండి" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది, సముద్రపు నీటిలో సల్ఫేటు ఉంది మరి. కానీ ఆ సిమెంటులో సల్ఫేటుకు లొంగే అల్యూమినేటును తగ్గిస్తారు. అల్యూమినేటుకు ఇంకో గుణముంది, అది క్లోరైడును పట్టి కట్టేస్తుంది. దాన్ని తగ్గిస్తే ఉప్పుకు పగ్గాలు వదిలినట్టే. సల్ఫేటుతో పాటు క్లోరైడు కూడా ఉన్నచోట ఆ సిమెంటు బదులు, సగానికి మించి స్లాగు కలిసిన సిమెంటు వాడుకోవచ్చని ఐఎస్ 456లోనే ఉంది.

స్లాగంటే కొలిమిలో ఇనుము తీసేటప్పుడు పైన తేలే చిట్టెం. కరిగి ఉండగానే నీళ్లు కొట్టి చల్లారిస్తే ఇసుకలా పొడవుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో పుట్టేదీ ఇదే. దాన్ని మెత్తగా నూరి సిమెంటులో కలుపుతారు. పరవాడలో సింహాద్రి విద్యుత్ కేంద్రం బొగ్గు కాల్చగా మిగిలే బూడిద కూడా ఇలాగే పనికొస్తుంది. ఈ పొడులు నెమ్మదిగా స్పందిస్తూ, సిమెంటులో పుట్టిన సున్నాన్ని వాడుకుంటూ, నీరు వదిలిపోయిన దారులను లోపలినుంచి పూడ్చుకుంటూ వస్తాయి. విశాఖ మనిషికి మందు ఊళ్లోనే ఉంది.

■ బాక్సు: బస్తా మీద రోము

బస్తా మీద పీపీసీ అని ఉంటుంది. మొదటి 'పీ' పోర్ట్‌లాండ్, రెండోది పోజోలానా. ఇటలీలో నేపుల్స్ దగ్గర పొజ్జువోలి అనే ఊరి పేరది. అక్కడి అగ్నిపర్వతపు బూడిదను సున్నంతో కలిపి రోమన్లు రేవులు కట్టారు. తూర్పు మధ్యధరా తీరంలో కైసరియా రేవుకు కూడా, క్రీస్తుకు పూర్వమే, ఆ బూడిదను ఓడల్లో తెచ్చి వాడారు. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా ఆ దిమ్మెలు సముద్రంలోనే ఉన్నాయి. బూడిద గొప్పదనం కొంత. వాటిలో తుప్పు పట్టడానికి ఇనుము లేకపోవడం మరికొంత. ■

పోయడానికి ముందు, పోశాక

తీరంలో నేల ఇసుక. ఇసుక మీద కట్టకూడదంటారు కానీ కదలకుండా కట్టడి చేస్తే అంత మంచి పరుపు ఇంకోటి లేదు, నీరు నిలవనివ్వదు. బియ్యం డబ్బాను నాలుగుసార్లు కుదిపితే మట్టం ఎలా దిగుతుందో ఇసుక కూడా తడిపి, కంపనమిచ్చే ప్లేటు యంత్రంతో కొడితే అలా సర్దుకుంటుంది. అంచుల దగ్గర మాత్రం వాన కోసుకుపోకుండా రాయో ఇటుకో కట్టాలి. వాలు 10 అడుగులకు రెండున్నర అంగుళాలు, ఇంటి వైపు కాకుండా రోడ్డు వైపు.

బీటలు తప్పవు. ఎండే కాంక్రీటు ముడుచుకుంటుంది. 30 అడుగుల వాకిలి నాలుగైదు మిల్లీమీటర్లు కుదించుకుపోవాలని చూస్తుంది, కింద నేల పట్టి ఉంచుతుంది. ఎండిన చెరువు నెర్రెలిచ్చినట్టు ఎక్కడో తెగుతుంది. ఎక్కడ తెగాలో మనమే ముందుగా చెప్పడమే జాయింటు కోయడం. 4 అంగుళాల వాకిలికి 8 నుంచి 10 అడుగుల దూరంలో, అంగుళం లోతు గాడి. రాయి ఊడకుండా కోత పడేంత గట్టిపడగానే కోయాలి. మన ఎండలకు మర్నాటి పొద్దుటికే ఆలస్యం కావచ్చు. గోడకూ గేటు స్తంభాలకూ ఆనుకునే చోట అరంగుళం థర్మోకోలు పెట్టాలి.

తర్వాత నీళ్లు కట్టడం. స్లాగు, బూడిద కలిసిన సిమెంటు నిదానస్తురాలు. దానికి కనీసం 10 రోజులు, కుదిరితే 14 రోజులు తడి ఉండాలి. పొద్దునా సాయంత్రం పైపుతో ఓ చిలకరింపు చాలదు. నాట్లకు మడి కట్టినట్టు చుట్టూ బంకమట్టి గట్టు వేసి, రెండంగుళాల నీరు నిలపాలి, లేదా తడి గోనెసంచులు పరచాలి. సముద్రపు గాలి తడిగా తగిలినా కాంక్రీటును ఆరబెట్టడంలో మాత్రం ఏమాత్రం తగ్గదు. నీళ్లు కట్టేందుకూ ఉప్పు బోరు వద్దు.

అతుకు పక్కనే చిల్లు

ఉన్న వాకిలికి చేయగలిగింది మొదటగా కడగడం. హుద్‌హుద్ లాంటి తుఫాను కొట్టి వెళ్లాక, వేసవిలో వానలు లేని నెలల్లో మంచినీళ్లు ధారగా వదిలి ఉప్పును తోసేయాలి. ఎండిన వాకిలి మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. చుక్క నిలబడితే ఒళ్లు మూసుకుని ఉన్నట్టు. క్షణాల్లో పీల్చుకుని నల్లబడితే ఉప్పుకు తలుపులు తెరిచి ఉన్నట్టు. అప్పుడు లోపలికి ఇంకే సైలేన్ రకం ద్రవం పట్టించాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ. పైన మెరిసే రంగు పూతలు తళుకు పోయాక పెచ్చులే.

బాత్రూం యాసిడ్‌తో మరక కడిగే అలవాటు మాత్రం మానాలి. ఆ సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది సున్నాన్ని తింటుంది, బదులుగా క్లోరైడును వదిలి వెళ్తుంది. సముద్రం ఏళ్ల తరబడి చేసే పనిని చీపురు పట్టుకుని మనమే ఒక్క పూటలో చేసినట్టు.

పెచ్చు ఊడిన చోట సిమెంటు మెత్తి అతుకు వేస్తే ఏడాది తిరక్కుండా దాని పక్కనే ఇంకో పెచ్చు లేస్తుంది. మేస్త్రీ చేతివాటం అనుకుంటాం కానీ కథ వేరు. తుప్పు పట్టే రాడ్డు ఒక బ్యాటరీ. కుళ్లే చోటు తను అరిగిపోతూ అటూ ఇటూ ఉన్న ఇనుమును కాపాడుతుంటుంది. అక్కడ శుభ్రం చేసి కొత్త సిమెంటు పెట్టగానే ఆ చోటు క్షేమం. ఇక అరిగే వంతు, అప్పటికే ఉప్పు మేసి ఉన్న పక్క ముక్కది. అందుకే సుత్తితో కొట్టి చూసుకుంటూ వెళ్లాలి. బోలు కొబ్బరికాయ శబ్దం వచ్చినంత మేరా, దాన్ని దాటి కూడా, రాడ్డు వెనక దాకా చెక్కి తీస్తేనే అతుకు నిలుస్తుంది. వాకిలి విషయంలో ఇంత తంటా కంటే జాయింటు నుంచి జాయింటు దాకా ఆ పలకను మొత్తం తీసేసి కొత్తగా పోయడం చవక.

పెద్దమ్మ పాతదంతా తవ్విపోయించింది. స్లాగు సిమెంటు, మున్సిపాలిటీ నీళ్లు, కొలిచిన బకెట్లు. జాలీ లేదు. రాడ్డు లేకుండా పోయించడానికి మేస్త్రీని ఒప్పించడానికే రెండు పూటలు పట్టింది. రాత్రి తొమ్మిదింటికి లైటు పెట్టి మూడు గాడులు కోశారు. పద్నాలుగు రోజులు వాకిలంతా వరిమడిలా నీళ్లు. మూడో నెలలో ఫోన్ చేసింది.

"ఏరా, బీట పడింది. ఇనుము వెయ్యొద్దని నువ్వేగా అన్నావు?"

"ఎక్కడ పడింది పెద్దమ్మా?"

"గీత కోశారే, దాని లోపల. సన్నగా, వెంట్రుకంత."

"మిగతా రెండు గీతల్లో?"

ఫోన్ పట్టుకునే నడిచి వెళ్లి చూసినట్టుంది. కాసేపటికి అంది, "మధ్యదాంట్లో ఉంది. చివరి దాంట్లో ఇంకా లేదు."

"అదీ పడుతుందిలే. వడియాలు పెట్టుకో."